బస్రా మట్టిలో పాత గుండు

పాలమూరు మట్టిపనివాళ్ళు తవ్వని నేలంటూ ఉండదని ఒక మాట ఉంది. తిరుపతయ్య విషయంలో అది అక్షరాలా నిజం. గోపాల్‌పేట పక్కన ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు గానీ, నడక నేర్చింది మహారాష్ట్రలో ఏదో ఆనకట్ట కింద వేసుకున్న గుడిసెల మధ్య. తల్లి తట్ట మోసేది. తండ్రి గడ్డపార పట్టేవాడు. మీసాలు మొలవకముందే అతని చేతికీ పార వచ్చింది. గుజరాత్‌లో కాలువలు, ఒడిశాలో రైలుకట్టలు, బెంగళూరు రోడ్ల పక్కన కేబుల్ గుంతలు. మేస్త్రీ ఎటు లారీ ఎక్కిస్తే అటు పోవడం, వానలు పడితే ఇంటికొచ్చి ఉన్న కాస్త చెలకలో నాలుగు గింజలు చల్లుకోవడం, పంట చేతికి రాగానే మళ్ళీ మూట కట్టడం. పెళ్ళయ్యాక నాగేంద్రమ్మ కూడా కొన్నేళ్ళు అతని వెంట తిరిగింది. పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక ఊళ్ళోనే ఉండిపోయి, గద్వాల వైపు విత్తనపత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి పోసాగింది.

నబీ సాబ్ అతనికి దొరికింది అలాంటి ఒక పనిలోనే. అతనిది అలంపూర్. అక్కడ సైకిళ్ళు, మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేదట. రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర పొంగినప్పుడు నీళ్ళు ఇంటి కప్పుదాకా వచ్చాయి. దుకాణంలో పానాలు, పంపులు, గాలి మిషను అన్నీ పోయాయి. నది తగ్గాక చూస్తే మోకాలి లోతు బురద మిగిలింది. "నాకేం మిగిల్చిందో దాన్నే తవ్వి బతుకుత" అని నవ్వి మట్టిపనిలోకి వచ్చేశాడు. తిరుపతయ్య కంటే నాలుగైదేళ్ళు పెద్ద. తట్ట మోయడం అలవాటు లేక మొదట్లో మెడ పట్టేసి రాత్రుళ్ళు మూలిగేవాడు. తిరుపతయ్య ఆముదం వెచ్చజేసి రాసేవాడు. అప్పట్నుంచి ఎక్కడికి పోయినా ఇద్దరూ ఒక గుడిసెలోనే. ఇతను "భాయ్" అనేవాడు, అతను "తిరుపతీ" అనేవాడు.

ఆరేడేళ్ళ కిందట మేస్త్రీ కొత్త పని ఒకటి తెచ్చాడు. ఇరాక్ దేశం, బస్రా అవతల ఎడారి. నూనె పైపులు వేయడానికి కందకాలు తవ్వాలి. యంత్రాలు తవ్వుతాయి, వీళ్ళు వెనకాల అంచులు సరిచేసి అడుగు చదును చేస్తే చాలు. తిండి కంపెనీదే, పడక కంపెనీదే. యుద్ధం అయిపోయి చాలా ఏళ్ళయిందనీ, ఇప్పుడు అంతా నెమ్మదనీ చెప్పాడు. నాగేంద్రమ్మకు ఇష్టం లేదు. నబీ వస్తున్నాడంటే సరే అంది.

అక్కడి నేల బూడిదరంగు. తవ్వుతుంటే మట్టితో పాటు ఏవేవో వచ్చేవి. తుప్పు పట్టిన ముళ్ళతీగ, చిల్లులు పడ్డ ఇనుపటోపీ, ఒకసారి మనిషి బూటు. చాలా ఏళ్ళ కిందట ఇరాన్, ఇరాక్ ఇక్కడే ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నాయని క్యాంపులో వంట చేసే బిహార్ మనిషి చెప్పాడు. ముందే ఒక బృందం వచ్చి నేలంతా వెదికి బాంబులు తీసేసిందని సూపర్‌వైజర్ చెప్పాడు. ఇద్దరి మాటా నమ్మి పని చేసుకున్నారు.

ఆ రోజు పొద్దున యంత్రం ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. దాని పళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. వీళ్ళిద్దరినీ దిగి చూడమన్నారు. మట్టిలో సగం కూరుకుపోయిన ఇనుప గొట్టం, గ్యాస్ సిలిండర్ అంత లావు, ఒక కొస మొనదేలి ఉంది. బాంబని అనుమానం వచ్చి ఉంటే తిరుపతయ్య దగ్గరికి పోయేవాడు కాదు. కానీ దాని మీద రాతా లేదు, రంగూ లేదు, తుప్పుకు పొరలు పొరలుగా లేస్తోంది.

"పాత పంపు గొట్టం లెక్కున్నది," అన్నాడు నబీ. "జర గడ్డపార ఇయ్యి."

పక్కన పొడిచి పైకి మీటాడు. గొట్టం కదిలి, మొన దగ్గర అతుకు విచ్చుకుంది. లోపలినుంచి చిక్కటి గోధుమరంగు నూనె కారింది. నబీ రెండు చేతులతో దాన్ని వాటేసుకుని ఎత్తాడు. తిరుపతయ్య రెండో కొస పట్టాడు. నూనె నబీ చేతుల మీదుగా లాగు మీదికి, కాళ్ళ మధ్యకు జారింది. ఎల్లిగడ్డ దంచినట్టు, ఆవాలు మాడినట్టు ఘాటైన వాసన.

"మా ఇంటామె పోపు ఏసినట్టున్నది," అని నవ్వాడు నబీ.

ఇద్దరూ దాన్ని మోసుకుపోయి గట్టు మీద పడేశారు. సూపర్‌వైజర్ దూరం నుంచే చూసి, పాత నూనె డబ్బా, వదిలేయమన్నాడు. మట్టితో చేతులు తుడుచుకున్నారు. మంట లేదు, దురద లేదు. ఎండకు చెమటలు కారుతుండగా అవే బట్టలతో సాయంత్రం దాకా పని చేశారు. మధ్యాహ్నం అదే చేతులతో అన్నం తిన్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు తిరుపతయ్య ఇప్పటికీ ఇక్కడ ఆగుతాడు. నొప్పి అప్పుడే పుట్టి ఉంటే బట్టలు విప్పి పారేసేవాళ్ళం కదా అంటాడు.

పొద్దు గూకే వేళకు కళ్ళలో ఇసుక పడ్డట్టు మొదలైంది. కడిగిన కొద్దీ ఎక్కువైంది. తెల్లారేసరికి తిరుపతయ్య కనురెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. చంకల కింద, గజ్జల్లో, మెడ చుట్టూ ద్రాక్షపండ్లంత బొబ్బలు లేచాయి. వాటి నిండా పసుపుపచ్చని నీరు. నబీకైతే తొడల మీద బొబ్బలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి సంచుల్లా వేలాడాయి. గొంతు పూడిపోయి మాట గరగరమని వచ్చింది. వాళ్ళ బట్టలు విప్పి బకెట్లో నానేసిన వంటమనిషికి మర్నాటికి వేళ్ళన్నీ పొక్కాయి. అప్పుడు క్యాంపు మొత్తం భయపడింది. వీళ్ళ గది తలుపు దగ్గరికి మనిషి రాలేదు. ఎండదెబ్బ అన్నారు, అంటురోగం అన్నారు. చివరికి ఒక వ్యాను వచ్చి ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకుపోయింది.

ఆ ఆస్పత్రి ఎలా ఉంటుందో తిరుపతయ్యకు తెలియదు. కళ్ళకు కట్లు కట్టారు. పక్క మంచం మీద నబీ ఉన్నాడని గొంతును బట్టే తెలిసేది.

"తిరుపతీ, ఉన్నవా?"

"ఉన్న భాయ్."

"నా కాళ్ళ మీది దుప్పటి తీయమను. బరువు మోయలేకపోతున్న."

తిరుపతయ్య వచ్చీరాని హిందీలో కేరళ నుంచి వచ్చిన నర్సును అడిగాడు. ఆమె ఏదో చెప్పింది.

"దుప్పటి లేదంటున్రు భాయ్. ఒట్టి కాళ్ళేనంట."

"అయితే చర్మమే అయితది," అన్నాడు నబీ.

మొదటి వారం నబీకి దగ్గు. ముద్దలు ముద్దలుగా ఏదో తెగి వస్తున్నట్టు దగ్గేవాడు. తర్వాత జ్వరం పట్టుకుంది. నర్సులు రక్తం తీసుకుపోయేవారు, వచ్చి గుసగుసలాడుకునేవారు. రెండో వారంలో అతను ఎవరితోనో ఉర్దూలో మాట్లాడటం మొదలుపెట్టాడు. పానా ఇయ్యమనేవాడు, ట్యూబులో గాలి పోయిందనేవాడు. ఒక పొద్దున పక్క మంచం మీద చప్పుడే లేదు. తిరుపతయ్య "భాయ్" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. చాలాసేపటికి ఎవరో వచ్చి అతని భుజం మీద చేయి వేశారు.

నెలకు పైగా అయ్యాక కట్లు విప్పితే మసకమసగ్గా కిటికీ కనబడింది. పక్క మంచం మీద ఇంకెవరో ఉన్నారు. కంపెనీ తిరుపతయ్యను విమానం ఎక్కించి పంపేసింది. ఏమైందని అడిగితే, ఏదో రసాయనం అన్నారు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు.

తిరిగి వచ్చిన తిరుపతయ్యను నాగేంద్రమ్మ హైదరాబాద్ విమానాశ్రయంలో గుర్తుపట్టలేదు. మెడ మీద, చేతుల మీద నల్లటి మచ్చలు, వాటి మధ్య తెల్లటి మచ్చలు. గొంతు పగిలిన సన్నాయిలా ఉంది. ఊళ్ళో ఇంకో రకంగా గుర్తుపట్టారు. పెద్దరోగం అన్నారు కొందరు. దేశాలు తిరిగి తెచ్చుకున్న రోగం అని ఇంకొందరు కన్నుగీటారు. హోటల్లో టీ అడిగితే అతనికొక్కడికే కాగితం కప్పు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి లేచి నిలబడేవాడు. నాగేంద్రమ్మతో కలిసి పనికిపోయే ఆడవాళ్ళు ఆమె సద్దిలోంచి పచ్చడి తీసుకోవడం మానేశారు. ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒకరోజు సద్ది విప్పకుండానే తిరిగి తెచ్చింది. అప్పుడు తెలిసింది అతనికి.

పార పట్టబోతే నాలుగు పోట్లకే ఆయాసం. పక్క చేలో పురుగుమందు కొడితే ఇంట్లో ఊపిరి ఆడేది కాదు. ఒక దవాఖానలో ఆస్తమా అన్నారు. ఇంకోచోట టీబీ అన్నారు. తెమడలో ఏమీ రాకపోయినా నెలల తరబడి టీబీ గోళీలు మింగాడు. ఆ గోళీలకు మూత్రం ఎర్రగా వచ్చింది గానీ దగ్గు తగ్గలేదు. మధ్యలో కరోనా వచ్చింది. దగ్గే మనిషిని చూస్తే తలుపులు మూసుకునే కాలం అది. ఏడాదికి పైగా అతను ఇంటి వెనక రేకుల కొట్టంలోనే పడుకున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, తనే పోయాడు.

అలంపూర్ పోవాలని అనుకోకపోలేదు. నబీ భార్య ఫోన్ నంబరు నబీ ఫోన్లోనే పోయింది. అయినా పోయి ఏం చెప్పాలి? ఏమైంది అని ఆమె అడిగితే, తనకే తెలియదు.

పోయిన ఏడాది వనపర్తికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకామె వచ్చింది. పేరు సుహాసిని. నాగేంద్రమ్మ బలవంతం చేసి తీసుకుపోయింది. ఆమె ఛాతీ స్కాన్ తీయించి చూసింది. తర్వాత చొక్కా విప్పమని మచ్చలు చూసింది.

"ఇవి ఎట్ల వచ్చినయి?"

"కాలినయి మేడమ్."

"దేంతోని?"

"తెల్వదు."

"నిప్పుతోని కాలితే చంకల్లోపల గింత లోతుగా కాలి, పైన భుజం మీద ఏం కాకుండ ఉండదు తిరుపతయ్య గారూ. చెమట పట్టే కాడనే కాలింది మీకు. ఎక్కడ పని చేసిన్రు?"

అతను మొదటిసారి మొత్తం చెప్పాడు. మధ్యలో దగ్గు వచ్చి ఆగినప్పుడల్లా నాగేంద్రమ్మ అందుకుంది. బయట రోగులు తొందరపడుతున్నా డాక్టరమ్మ విన్నది.

"వాసన ఎట్లుండె?"

"ఎల్లిగడ్డ లెక్క. ఆవాలు మాడినట్టు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "దాని పేరే మస్టర్డ్ గ్యాస్," అంది. "మస్టర్డ్ అంటే ఆవాలు. పేరుకే గ్యాస్, అసలుకు నూనె. మనుషులను బొబ్బలెక్కించి చంపేటందుకు చేసిన మందు అది."

ఆ రోజూ, ఆ తర్వాత ఇంకో రోజూ ఆమె చెప్పిన సంగతులు నాగేంద్రమ్మ బాగా గుర్తుపెట్టుకుంది. నూరేళ్ళ కిందట, మొదటి ప్రపంచయుద్ధంలో, బెల్జియం దేశంలో ఈప్రే అనే ఊరి దగ్గర జర్మన్లు దాన్ని మొదట గుండ్లలో నింపి కొట్టారట. సిపాయిలకు మొదట ఏమీ తెలియలేదు. కొందరు ఒట్టి వాసనే కదా అని నవ్వుకుని నిద్రపోయారు. పొద్దున లేచేసరికి కళ్ళు కనబడలేదు. ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని గుడ్డివాళ్ళ వరుసలుగా నడిచారు. ఇలా బొబ్బలెక్కించే మందులు మరికొన్ని ఉన్నాయి. లూయిసైట్ అనేదొకటి ఒంటికి తగలగానే భగ్గున మంట పుట్టిస్తుంది, మనిషి ఎగిరి అవతలకు దూకుతాడు. ఇది అలా కాదు. తగిలిన కొద్ది నిమిషాల్లోనే లోపలికి దిగి తన పని మొదలుపెడుతుంది, నొప్పి మాత్రం గంటలు గడిచాకే వస్తుంది. అప్పటికి కడిగినా లాభం తక్కువ. విరుగుడు ఇప్పటికీ లేదు.

"మన సిపాయిలను కూడ వదల్లే," అంది డాక్టరమ్మ. "తెల్లోళ్ళ రాజ్యంలో, రావల్పిండిల, ఇది ఎంత కాలుస్తదో చూడాలని మన మనుషుల మీదనే పరీక్షలు చేసిన్రు. నిక్కర్లతోని గ్యాస్ గదుల్లోకి పంపిన్రు. తర్వాత ఇరాక్ ప్రభుత్వం ఇరాన్ సిపాయిల మీద, తన సొంత దేశంల కుర్దుల మీద కొట్టింది. మీరు తవ్వింది ఆ యుద్ధం నేలనే, ఎత్తింది దాని గుండునే. ఇరాన్‌ల వేలమంది మీ లెక్కనే దగ్గుతున్నరు ఇప్పటికీ. వాళ్ళ డాక్టర్లు రాసినవి చదివిన కాబట్టే నాకు తట్టింది."

"అంత పాతది ఇంకా పని చేస్తదా మేడమ్?" అని అడిగింది నాగేంద్రమ్మ.

"ఇనుప గుండుల మూసి మట్టిల పెడితే చెడిపోదమ్మా."

"నబీ భాయ్ రక్తం ఎందుకు తీసుకపోతుండిరి?" అన్నాడు తిరుపతయ్య.

"అది ఒంట్లకు దిగితే ఎముకల్ల మూలుగను చంపుతది. తెల్ల రక్తకణాలు పడిపోతయి. ఇగ ఏ చిన్న క్రిమి వచ్చినా ఆపేది ఉండదు. ఆయనకు ఎక్కువ అంటింది. మీకు తక్కువ."

తక్కువ అంటిన తనకు ఏమవుతుందని అతను అడిగాడు. ఆమె దాచలేదు. ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలు మూసుకుపోతున్నాయి, అవి తిరిగి తెరుచుకోవు, పీల్చే మందుతో కొంత ఊరట ఉంటుంది. క్యాన్సర్ రావచ్చు కాబట్టి చూపించుకుంటూ ఉండాలి. కళ్ళు ఇప్పుడు బాగున్నా ఏళ్ళ తర్వాత మళ్ళీ పాడవుతాయి కొందరికి. చివరికి, "ఇది అంటురోగం కాదు. ఎవరికీ అంటదు," అంది. నాగేంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వారమే తిరుపతయ్య అలంపూర్ బస్సెక్కాడు. నబీ సాబ్ ఇల్లు అడుక్కుంటూ పోతే, గుళ్ళకు పోయే దారిలో గాజుల బండి పెట్టుకున్న ఆమెను చూపించారు. సుల్తానాబీ. అతని పేరు వినగానే ఆమె బండి మీద గుడ్డ కప్పేసి ఇంటికి తీసుకుపోయింది. నీళ్ళు ఇచ్చింది. మచ్చలకేసి చూసింది.

"నీకు కూడ స్టవ్వు అంటుకున్నదా తమ్మీ?"

అతనికి అర్థం కాలేదు. "ఏ స్టవ్వు వదినె?"

"గదిల స్టవ్వు పేలిందంట కద. పంపు ఎక్కువ కొట్టిండంట. మేస్త్రీ చెప్పిండు, కంపెనీ సారు ఫోన్ల చెప్పిండు. శవం పెట్టె తెరవొద్దన్నరు, తెరవలే. మోటార్లు బాగుచేసేటోడు, స్టవ్వు ముట్టియ్య రాదా అని మా అత్త సచ్చేదాక అన్నది. నేను కూడ అనుకున్న. పొయ్యి ముందల కూసున్నప్పుడల్లా ఆయన్నే తిట్టుకున్న. ఇంత సోయి లేకుండ మమ్ముల ఆగం చేసినవ్ అని."

తిరుపతయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఆ క్యాంపుల స్టవ్వే లేకుండె వదినె. అన్నం మెస్సుల పెడుతుండిరి. భాయ్ అక్కడ అగ్గిపెట్టె కూడ పట్టలే."

ఆమె కదలకుండా విన్నది. గొట్టం, నూనె, వాసన, బొబ్బలు. పోపు మాట చెప్పినప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకుంది. అతని గొంతు పోతుంటే ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెప్పిన యుద్ధాల సంగతీ చెప్పాడు. అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"నొప్పి ఉండెనా?"

ఆ మాట అడిగితే లేదని చెప్పాలని బస్సులో వచ్చేటప్పుడే అతను అనుకున్నాడు. కానీ ఆమె మొహం చూశాక అది నోటికి రాలేదు.

"ఉండె వదినె. చానా ఉండె."

సుల్తానాబీ తల ఊపింది. "కాలినంక దవాఖానల నిద్రల పోయిండని చెప్పిన్రు," అంది. ఆ తర్వాత లోపలికి పోయి తలుపు చేరేసుకుంది. అతను గుమ్మం దగ్గర కూర్చుని ఉండగానే ఎండ గోడ దాటిపోయింది. ఆమె బయటికి వచ్చి, అన్నం తిని పొమ్మంది.

ఇద్దరూ కలిసి గద్వాలలో అధికారులకు మొరపెట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఎవరినో కలిశారు. కంపెనీ పేరు మారిందన్నారు, పరాయి దేశం సంగతి అన్నారు. డాక్టరమ్మ తను చూసింది చూసినట్టు రాసిచ్చింది. అయినా కాగితాల్లో నబీ స్టవ్వు పేలి చనిపోయాడన్న మాట మారలేదు.

ఈలోగా మేస్త్రీ మళ్ళీ బస్రాకు మనుషులను కూడగడుతున్నాడని తెలిసింది. గోపాల్‌పేటలో ఒక షెడ్డు కింద అందరినీ పిలిచాడు. తిరుపతయ్య సుల్తానాబీకి ఫోన్ చేశాడు. ఆమె పొద్దున్నే బండి మూసి వచ్చింది.

తిరుపతయ్య లేచి నిలబడ్డాడు గానీ రెండు మాటలకే దగ్గు తెర కమ్మేసింది. గోడ పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు సుల్తానాబీ లేచింది.

"నేను నబీ సాబ్ ఇంటామెను. మీలో కొందరు ఆయనతోని పని చేసిన్రు. ఆయన స్టవ్వు పేలి పోలే. భూమిల పాత గుండు తీసిండు, దాన్ల నూనె అంటింది. పోయేటోళ్ళను పోవద్దంటలేను, ఎవరి కష్టం వాళ్ళది. ఆడ మట్టిల ఇనుము కనబడితే ముట్టకున్రి. ఎల్లిగడ్డ వాసన, ఆవాల వాసన వస్తే దూరం ఉరుకున్రి. నూనె అంటితే నొప్పి లేదని కూసోకున్రి. అప్పుడే బట్టలు ఇడిసిపెట్టి, సబ్బు పెట్టి నీళ్ళు కుమ్మరించుకోవాలె. ఆ బట్టలు ఎవ్వరి చేతికీ ఇయ్యొద్దు."

మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. "పోయే ముందల గీ అపశకునం మాటలేంది వదినా? ఇప్పుడు గట్లాంటివి ఏం లేవు. అన్నీ తీసేసిన్రు."

"అప్పుడు కూడ గట్లనే అన్నరంట," అంది ఆమె.

ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. వెనక కూర్చున్న ఒకడు తిరుపతయ్య దగ్గరికి వచ్చి, చొక్కా చేయి పైకి జరపమని అడిగి, మచ్చలను తాకి చూశాడు. ఆరేళ్ళలో డాక్టర్లు, ఇంటివాళ్ళు తప్ప అతన్ని తాకిన మనిషి అతనొక్కడే. ఆ బృందంలో సగానికి పైగా వెళ్ళారు. ఆ తాకిన మనిషీ వెళ్ళాడు. అప్పు చేసి టికెట్టు తీసుకున్నాక ఆగేవాళ్ళు తక్కువ.

ఈ ఎండాకాలం తిరుపతయ్య కుడి కన్ను తెల్లబారింది. డాక్టరమ్మ భయపడ్డదే అయింది. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టారు. కరెంటు పోతే నాగేంద్రమ్మ చేలోంచి పరుగెత్తుకు వస్తుంది, అతన్ని కూర్చోబెట్టి వీపు నిమురుతూ కరెంటు వచ్చేదాకా ఉంటుంది. మేస్త్రీ ఎక్కడ మనుషులను పోగుచేసినా ఇప్పుడు సుల్తానాబీ ఒక్కతే పోతోంది. ఒకసారి వనపర్తి, ఒకసారి కొల్లాపూర్. కొందరు వింటారు. కొందరు బస్సు వచ్చిందని లేచిపోతారు.